రెండో పుస్తకంలో మిగిలిన పేజీలు

భాస్కరరావు పుస్తకం పట్టుకున్నాడంటే ముసునూరులో ఒక్కరూ నమ్మలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష దగ్గరే చదువుకి దణ్ణం పెట్టేసిన మనిషి. ఆ తర్వాత అతను చదివినవల్లా కరెంటు బిల్లులూ, పురుగుమందు డబ్బాల మీది రాతలూ. అలాంటివాడు నలభై ఆరేళ్ళ వయసులో, సాయంత్రం స్నానం చేసి, వసారాలో కుర్చీ వేసుకుని, ఇటుకంత లావున్న ఇంగ్లీషు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతుంటే దారినపోయేవాళ్ళు నవ్వరా మరి? నవ్వారు. "ఏం భాస్కరరావూ, కలెక్టరు పరీక్షలకా?" అని కేకేసినవాళ్ళు కూడా ఉన్నారు. అతను తలెత్తేవాడు కాదు. తలెత్తితే ఎక్కడ చదువుతున్నాడో ఆ లైను కాస్తా పోతుంది.

పైగా అది పిల్లల పుస్తకం. మూడు పుస్తకాల కథలో రెండోది. మొదటిది చదవకుండా రెండోది పట్టుకోవడమేమిటని ఎవరైనా అడగొచ్చు. భాస్కరరావుకి ఏదైనా సగంలోంచి మొదలుపెట్టడమే అలవాటు. తోటలు పూత మీద కొనడం అతని పని. మొక్క నాటింది ఒకడు, నీళ్ళు పోసి పెంచింది ఇంకొకడు. ఇతను పూత చూసి, ఈ ఏడు కాపు ఎలా ఉంటుందో అంచనా కట్టుకుని, ఆ ఒక్క సీజనుకీ తోటని సొంతదానిలా కాపాడుకుని, కాయ కోసుకున్నాక మళ్ళీ సొంతదారు చేతిలో పెట్టేస్తాడు. పెళ్ళి కూడా అలాగే జరిగింది. నలభై దాటేదాకా ఒంటరిగా తిరుగుతున్నవాణ్ణి చూడలేక, మామిడికాయల షెడ్డులో ప్యాకింగు చేసే శకుంతల పట్టుబట్టి ప్రసన్నని చూపించింది. ప్రసన్న ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. భర్త పోయాడు. తొమ్మిదేళ్ళ కూతురుంది, పేరు కౌముది.

ఆ పిల్ల మొదటిరోజు భాస్కరరావుని "అంకుల్" అంది. నాలుగేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. ప్రసన్న ఒకసారి కోప్పడబోతే అతనే ఆపాడు. పిలుపుదేముంది, పిలిస్తే చాలు అన్నాడు.

తల్లీకూతుళ్ళకి ఆ పుస్తకాలంటే పిచ్చి. అన్నం తిన్నాక ఇద్దరూ మంచం మీద చేరి, ఒక పేజీ తల్లీ, ఒక పేజీ కూతురూ చదువుకునేవాళ్ళు. నదులతో మాట్లాడగలిగే ఇవ్రా అనే పిల్ల, ఆ పిల్లని వేటాడే రాణి, నేలకింద ఊళ్ళు, ఉప్పు ఎడారి, ఇలా ఉంటుంది కథ. తల్లి పేజీల అంచుల్లో పెన్సిల్‌తో ఏదో రాసేది. కూతురు దాని కిందే జవాబు రాసేది. ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. పక్కగదిలో భాస్కరరావు గోడవైపు తిరిగి పడుకుని ఆ నవ్వులు వింటూ నిద్రలోకి జారుకునేవాడు. "మీరూ వచ్చి కూర్చోండి, తెలుగులో చెప్తాం" అనేది ప్రసన్న. "పొద్దున్నే కోతుంది" అనేవాడు. కోతలు లేని నెలల్లో కూడా అదే మాట. ఇప్పుడా మాట గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది అతనికి.

మొదటి పుస్తకం పూర్తయింది. రెండోది సగానికొచ్చింది. జనవరిలో, తోటలన్నీ పూత మీద ఉండగా, ప్రసన్నకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. నూజివీడులో చూపించారు, తగ్గకపోతే విజయవాడ తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా మనిషిని తెల్లగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు. ఆ ఏడు పూత బ్రహ్మాండంగా వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. భాస్కరరావు తలెత్తి చెట్టు వంక చూడలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ప్రసన్న తమ్ముడు హరీష్ వసారాలో కూర్చుని విషయం ఎత్తాడు. అతనికి మైలవరంలో ఎరువుల కొట్టుంది. చెడ్డవాడేం కాదు, అక్కంటే ప్రాణం పెట్టినవాడు.

"పాపని నేను తీసుకెళ్తాను బావగారూ. మీరేం అనుకోవద్దు. ఎదుగుతున్న ఆడపిల్ల. అక్క ఉన్నంతకాలం వేరు. ఇప్పుడు ఇంట్లో మీరొక్కరే. రేపు నలుగురూ నాలుగు రకాలుగా అంటారు."

"కన్నకూతురిలాగే చూసుకుంటున్నాను కదయ్యా."

"చూసుకోవట్లేదని ఎవరన్నారండీ? మీరు తోటలు చేసేవాళ్ళు, మీకు నేను చెప్పాలా? మనం కాపు ఎంత బాగా చూసుకున్నా చెట్టు మనదవదు కదా."

లోపల్నుంచి కౌముదే వచ్చి, "ఈ ఏడు పరీక్షలు ఇక్కడే రాస్తాను మావయ్యా" అంది. హరీష్ మెత్తబడ్డాడు. సెలవులు అయ్యేదాకా ఉండనిద్దాం, బడి తెరిచేముందు పాపనే అడుగుదాం, తను ఎక్కడుంటానంటే అక్కడే అన్నాడు. భాస్కరరావు ఆ మాట పట్టుకుని వేలాడాడు. పిల్ల నోటి నుంచి "ఇక్కడే ఉంటాను" అన్న ఒక్క మాట రావాలి. అతనికి ఇంక ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

కానీ ఆ పిల్ల మాట్లాడితేగా! బడికెళ్ళొచ్చేది, పెట్టింది తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. రెండో పుస్తకం మంచం పక్కన బోర్లించినది బోర్లించినట్టే ఉంది. దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కొన్నాళ్ళు చూసి చూసి, ఒక సాయంత్రం భాస్కరరావే ఆ పుస్తకం తీసుకుని వసారాలో కూర్చున్నాడు. బోర్లించిన పేజీ దగ్గరే బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. ఒక్క వాక్యం దాటేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"అక్కడ మొదటి అక్షరం పలకదు అంకుల్" అని వినిపించింది గుమ్మంలోంచి.

"పలకనిదాన్ని ఎందుకు రాశారమ్మా మరి?"

"అదంతే."

"పని చెయ్యనివాణ్ణి తెచ్చి ముందు వరసలో నిలబెట్టారన్నమాట" అని గొణుక్కున్నాడు. కౌముది నవ్వు ఆపుకోలేకపోయింది. తల్లి పోయాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. ఆ నవ్వు కోసం భాస్కరరావు ఆరోజు ఇంకో నాలుగు మాటలు కావాలనే తప్పు చదివాడు.

అది అలవాటైపోయింది. సాయంత్రమయ్యేసరికి అతను కుర్చీలోనూ, ఆ పిల్ల గడపమీదా. చదివింది అతనికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఈ ఇవ్రా ఎవరమ్మా, రాణికి ఆ పిల్లమీద అంత పగెందుకమ్మా అని ప్రతిదానికీ అడ్డుపడేవాడు. కౌముది మొదటి పుస్తకంలోకి వెళ్ళి అంతా చెప్పుకొచ్చేది. చెప్తూ చెప్తూ "ఇక్కడ అమ్మ ఏమందంటే" అనేది. అలా తల్లి మాట ఎత్తడం మొదలుపెట్టింది. ఒకరోజు చెప్తూనే వెక్కి వెక్కి ఏడ్చింది. భాస్కరరావు ఏం చెయ్యాలో తెలీక లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చి, తనూ పక్కన గడపమీదే కూర్చున్నాడు.

ఆ కథలో అతనికి డోరెన్ అంటే ఇష్టం కలిగింది. ఉప్పు ఎడారి దాటడానికి ఇవ్రాకి తోడొచ్చిన ముసలి కాపలావాడు. ఎక్కణ్ణించి వచ్చాడో ఎవరికీ తెలీదు. తన వాటా నీళ్ళు పిల్లకే పోస్తూ ఉంటాడు.

"వీడు మంచోడమ్మా" అన్నాడు భాస్కరరావు.

"అప్పుడే చెప్పలేం అంకుల్. రాణి మనిషేమోనని ఇవ్రాకి అనుమానం. చివరికి గానీ తెలీదేమో."

"నీళ్ళిస్తున్నాడుగా?"

"నీళ్ళెవరైనా ఇస్తారు" అంది కౌముది. ఆ మాట భాస్కరరావుని రెండు రోజులు వదల్లేదు.

అయినా రోజులు బాగానే నడిచాయి. పరీక్షలయ్యాక ఒకనాడు ఆ పిల్ల ఏదో మాటల్లో, "తొమ్మిదో తరగతికి ఇక్కడైతే సైకిల్ మీద వెళ్ళొచ్చు కదంకుల్" అంది. అతను ఊఁ అని ఊరుకున్నాడు. మర్నాడు పొద్దున్నే సైకిలుకి కొత్త టైర్లు వేయించుకొచ్చాడు.

అప్పటికి కోతలు ముమ్మరమయ్యాయి. ఒక మధ్యాహ్నం ఢిల్లీ లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. తీరా చూస్తే ట్రేలలో పరచడానికి పాత పేపర్లు అయిపోయాయి. రసాలకి అడుగున మెత్తగా కాగితం లేకపోతే దారిలోనే నలిగి నీరుకారిపోతాయి. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. భాస్కరరావు బండేసుకుని ఇంటికొచ్చి, అటకమీద ప్రసన్న కట్టిపెట్టిన పాతపేపర్ల కట్టలన్నీ దింపి, తువ్వాలుతో బండి వెనక బిగించి, తీసుకెళ్ళి షెడ్డులో పడేశాడు. లారీ టైముకి కదిలింది. హమ్మయ్య అనుకున్నాడు.

మే నెలాఖరుకి రెండో పుస్తకంలో కాసిని పేజీలే మిగిలాయి. ఆ సాయంత్రం అతను చదవబోతుంటే కౌముది ఆపింది.

"ఆఖరికొచ్చేశాం. ఇది చదివేముందు మీరు మొదటి పుస్తకం చూడాలంకుల్. డోరెన్ గురించి అందులో ఒకచోట వస్తుంది. దాని పక్కన అమ్మ ఏదో రాసింది, నాకు గుర్తు రావట్లేదు. అమ్మ రాసినవన్నీ మీకు చదివి వినిపిస్తా. అటకమీద పేపర్ల కట్టలో ఉంటుంది చూడండి. అట్ట నలక్కుండా మధ్యలో పెట్టి కట్టింది."

భాస్కరరావు "నేను తెస్తాలే" అని లేచి, అటకవైపు కాదు, బండి దగ్గరికి వెళ్ళాడు.

షెడ్డులో శకుంతల కాయలు ఏరుతోంది. "ఇంగ్లీషు పుస్తకమా? వచ్చిందన్నయ్యా. కాయితం మెత్తగా ఉందని అట్ట పీకేసి చిన్న రసాలకి వాడేశాం. ఏం, కావాల్సిందా?"

"పెన్సిల్ రాతలేమన్నా ఉన్నాయా దాంట్లో?"

"ఉన్నాయి. పిల్లలెవరో గీసిపారేసిన పుస్తకం అనుకున్నాం."

భాస్కరరావు బోర్లించిన ట్రే మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి షెడ్డంతా గాలించాడు. చెత్తకుప్ప కూడా కెలికాడు. ఏముంటుంది? ప్రసన్న చేతిరాత ఢిల్లీలో ఏ మార్కెట్లోనో మామిడి తొక్కలతో కలిసి ఊడ్చుకుపోయి ఉంటుంది. ఎవరో చేసిందైతే తిట్టుకునేవాడు. తన చేత్తో తనే తువ్వాలుతో కట్టి మరీ మోసుకొచ్చాడు. శకుంతల చూస్తుండగానే పిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొస్తూ దారిపొడుగునా అబద్ధాలు అల్లుకున్నాడు. చెదలు తినేసిందని చెప్పొచ్చు. స్కూలువాళ్ళు అడిగి పట్టుకెళ్ళారని చెప్పొచ్చు. హరీష్ వచ్చేది వచ్చే ఆదివారమే, అప్పటిదాకా గడిస్తే చాలు. తీరా గుమ్మంలో ఎదురుచూస్తున్న పిల్ల మొహం చూశాక ఒక్క అబద్ధమూ నోటికి రాలేదు.

"నేనే పట్టుకెళ్ళానమ్మా. చూసుకోలేదు. కాయల కింద పరిచేశారు."

కౌముది అరవలేదు. అరిచుంటే బాగుండేది. "అన్ని పేజీలూనా?" అంది. అతను తలూపాడు. ఆ పిల్ల లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

"తెలీక చేశానమ్మా" అన్నాడు తలుపు దగ్గర నిలబడి.

"తెలుసంకుల్" అంది లోపల్నుంచి.

ఆ తర్వాత సాయంత్రాలు కుర్చీ ఖాళీగానే ఉంది. ఆదివారం హరీష్ వచ్చాడు. కాఫీ తాగి, ఇచ్చిన మాట ప్రకారం పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు. "ఏమ్మా, ఇక్కడ ఉంటావా, నాతో వస్తావా?"

భాస్కరరావు వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కౌముది అతని వంక చూడకుండా, "వస్తాను మావయ్యా" అంది. హరీష్ కాఫీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

బట్టలు సర్దుకుంది. అన్నీ కారులో పెట్టాక మళ్ళీ లోపలికొచ్చింది. రెండో పుస్తకం వసారా గూట్లో ఉంది. అతను తీసి ఇవ్వబోయేలోపు తనే అందుకుంది.

"దీన్ని నా దగ్గరే ఉంచుకుంటానంకుల్. దీంట్లో సగందాకా అమ్మ రాసినవున్నాయి" అంది. ఇక్కడుంటే ఏమవుతుందో అనలేదు. అనక్కర్లేదు కూడా.

కారు కదిలేముందు మరి ఏమనుకుందో, అద్దం దించింది.

"ఆ మిగిలిన పేజీలు నేను చదివి ఫోన్ చేస్తాను. డోరెన్ మంచోడో కాదో చెప్తాను."

"అలాగేనమ్మా" అన్నాడు భాస్కరరావు.

సీజను అయిపోయింది. వానలు పట్టాయి. వచ్చే ఏటి తోటల సంగతి ముందుగానే మాట్లాడుకుందాం, చాట్రాయి రమ్మని కబురొస్తే ఒంట్లో బాలేదన్నాడు. హరీష్ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. పాప బాగా చదువుకుంటోందంటాడు, ట్యూషన్‌కి వెళ్ళిందంటాడు. పాప మాత్రం చెయ్యలేదు. భాస్కరరావు తనంతట తను చెయ్యడు. చేస్తే ఆ పుస్తకం మాట రాకుండా ఉండదు, వస్తే ఏం వినాల్సొస్తుందోనని భయం. ఫోను మాత్రం ఎక్కడికెళ్ళినా చొక్కా జేబులోనే ఉంటుంది.

శకుంతలకి ఆ పుస్తకం చింపింది తన చేతులేనన్న బాధ పోలేదు. ఒక సాయంత్రం చీర కొంగు తలమీద కప్పుకుని వానలోనే వచ్చింది.

"మా కోడలు ఫోన్లో చూసిందన్నయ్యా. ఆ రెండో పుస్తకం దొరుకుద్దంట. మూడోది కూడా ఉందంట. నొక్కితే రెండ్రోజుల్లో ఇంటికే తెచ్చిస్తారంట. ఎందుకీ ఎదురుచూపులు? తెప్పించుకుని ఆ మిగిలిన కాసిని పేజీలూ నువ్వే చదివేసుకో."

భాస్కరరావు చొక్కా జేబులోని ఫోనుని ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"వద్దు శకుంతలా" అన్నాడు. "నేనే చదివేసుకుంటే, ఇంక ఆ పిల్లకి నాకు ఫోన్ చెయ్యాల్సిన పనేముంటుంది?"