టెస్ట్ డ్రైవ్ కారుకి కొబ్బరికాయ

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే నా ఫోను జన్మలో ఇరవై శాతం దాటి ఛార్జింగ్ ఎక్కకూడదు. పోర్టులో క్రేన్ల దగ్గర సూపర్‌వైజరుగా పాతికేళ్లు పనిచేసి, ఓడల్లోంచి ఎన్నెన్ని బరువులు దింపించానో నాకే లెక్క లేదు. అలాంటివాడి పరువుని ఒక్క కొబ్బరికాయ ఎలా దింపేసిందో ఇప్పుడు చెప్పబోతున్నాను. కాస్త గుండె చిక్కబట్టుకుని చదవండి.

రెండేళ్ల కిందట ఊళ్లోకి కొత్త ఎలక్ట్రిక్ కారొకటి దిగింది. నేను దాన్ని కొనలేదు. తూకం వేశాను. ఎనిమిది నెలలు వేశాను. ఆ కారు మీద వచ్చిన వీడియోలన్నీ చూశాను, బాగున్నవి రెండేసిసార్లు చూశాను. అన్నం తింటూ కిలోవాట్లు లెక్కపెట్టేవాణ్ని, నిద్రలో రేంజి కలవరించేవాణ్ని. మా క్యాంటీన్‌లో మొదట్లో అందరూ "కారెప్పుడు?" అని అడిగేవారు. తరవాత్తరవాత నన్ను చూడగానే టీ గ్లాసులతో సహా లేచి పక్క బల్లకి వలసపోయేవారు. పక్క క్వార్టర్లో ఉండే సత్తిబాబు గారు గోదావరి మనిషి. ఆయన లేచిపోరు, కూర్చునే పొడుస్తారు, అదీ ఎంతో మర్యాదగా.

"తమరు కొనేలోగా ఆ కంపెనీవాడు ఈ మోడలు ఆపేత్తాడేమోనండి, ఆయ్!"

అసలు అడ్డు మాత్రం ఇంట్లో ఉంది. మా ఆవిడ కనకం.

"ఫోనే రోజుకి రెండుసార్లు సచ్చిపోతంది, కారెక్కడ బతుకుద్ది మావా? రుషికొండ ఎల్లి ఆగిపోతే ఏటి సేత్తావు, ప్లగ్గు సముద్రంలో ఎడతావేటి?"

ఆవిడకి తోడు ఎలమంచిలి నుంచి ఆవిడ అన్నగారు అప్పలనాయుడు. డీజిలు పొగ పీలిస్తే తప్ప ప్రయాణం చేసినట్టుండదు ఆయనకి. "కూత లేని కోడి, మోత లేని బండి దేనికీ పనికిరావు బావ" అని తేల్చేశాడు.

ఆఖరికి ఒక ఆదివారం కనకం ఒక మెట్టు దిగింది. "సరే, ఓపాలి నడిపి సూడు. ఆ బండి అప్పన్న కొండెక్కితే అప్పుడాలోసిద్దాం."

మా బావతో కలిసి ముగ్గురం షోరూముకి వెళ్లాం. వాళ్లు చూపించడానికి ఉంచిన కారు చిలకపచ్చ రంగులో ఉంది. రెండు వైపులా తలుపుల మీద మూరెడేసి అక్షరాలతో 'టెస్ట్ డ్రైవ్' అని రాసుంది. కిశోర్ అనే సేల్స్ ఎగ్జిక్యూటివ్ టై సర్దుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. నేను బటన్ నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. లేదు. మూడోసారీ నొక్కాను.

"సార్, మీరు ఆన్ చేసి ఆపేసి మళ్లీ ఆన్ చేశారు సార్," అన్నాడు కిశోర్ నెమ్మదిగా.

"తెలుసు. టెస్ట్ చేస్తున్నాను," అన్నాను.

వెనక సీట్లో మా బావ నవ్విన నవ్వుకి మాత్రం డీజిలు ఇంజనంత మోత ఉంది.

"పది కిలోమీటర్లే సార్, బీచ్ రోడ్డు దాకా వెళ్లొచ్చేద్దాం," అని కిశోర్ అంటూనే ఉన్నాడు. "కొండెంత దూరమేటి, ఇదిగో ఇక్కడే కదా!" అంటూ నేను సింహాచలం తోవ పట్టించాను. ఏం చెప్పమంటారు! ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ కారు పెళ్లిభోజనానికి పిలుపందిన మా బావలా వెళ్లింది. ఆయాసం లేదు, ఆగడం లేదు. కనకం కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ కిటికీలోంచి చూసింది.

గండం పైన కాచుకుని ఉంది. కొండ మీద వాహనపూజలు జరిగే చోట ఒక సెక్యూరిటీ మనిషి మా కారు మెరుపు చూసి, "కొత్త బళ్లన్నీ ఇటు, ఇటు!" అని కర్ర ఊపి మమ్మల్ని వరసలోకి తోసేశాడు. ముందొక ఆటో, వెనకొక స్కూటరు, ఆ వెనక ఇంకో రెండు కార్లు. కదలడానికి లేదు.

"సార్, ఇది పూజల లైను సార్!" అన్నాడు కిశోర్.

"వరస కదిలాక పక్కనించి జారుకుందాం," అని చెప్పి పరిస్థితి చూద్దామని దిగాను. జారుకునేవాళ్లమే. కానీ వెనక స్కూటరు మీంచి ఒక గొంతు వినిపించింది.

"ఆయ్! మొత్తానికి కొనేశారాండీ!"

సత్తిబాబు గారు! కొత్త స్కూటరుకి పూజ చేయించడానికి వచ్చారు. పాఠకులారా, 'లేదండీ, ఊరికే నడిపి చూస్తున్నాను' అనడానికి నాకు పట్టే సమయం రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఎనిమిది నెలల క్యాంటీన్ టీ నా కళ్ల ముందు గిర్రున తిరిగింది.

"కొనేశానండీ," అన్నాను.

అన్న మరుక్షణం తలుపు మీది అక్షరాలకి గోడ మీది బల్లిలా అతుక్కుపోయాను. అటువైపు అక్షరాల దగ్గరికి మా బావని కళ్లతోనే తరిమాను. ఆయన పొట్ట దేవుడిచ్చిన వరం, అక్షరాలన్నీ ఒక్కదెబ్బకి మాయమైపోయాయి.

"ఏటి సేత్తన్నావ్ మావా?" కనకం చెవిలో బుసకొట్టింది. "బండి మనది కాదు కదా!"

"ఊరుకో. దేవుడేటి, బిల్లు సూపించమంటాడా?"

ఈలోగా పూజారి గారు వచ్చేశారు. "గోత్రం?"

"నాగుల గోత్రమండి," అన్నాను. పేర్లు కూడా చెప్పాను, నాదీ, కనకానిదీ. బండి లేదు, బిల్లు లేదు, బానెట్టు మీద స్వస్తిక్! పసుపు పూశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ ఫెడీమంది. నీళ్లు కిశోర్ టై మీద పడ్డాయి.

"సార్, ఇది డెమో కారు సార్... నా ఉద్యోగం సార్..." అని అతను గొణుగుతుంటే, పాపం భక్తితో వణుకుతున్నాడనుకుని పూజారి గారు అతనికీ ఒక బొట్టు పెట్టారు.

"ఇక యజమాని ఎక్కి నిమ్మకాయలు తొక్కించండి."

చచ్చాను! ఎక్కాలంటే తలుపు వదలాలి. వదిలాను. సత్తిబాబు గారు కూడబలుక్కుని చదివారు. "టెస్ట్... డ్రైవ్... ఇదేంటండీ?"

"మోడలు పేరండి. అన్నిట్లోకీ పై రకం."

అని ఎక్కి కూర్చుని కంగారులో పెడల్ తొక్కాను. ఎలక్ట్రిక్ కారుకి ఆలోచన అనేది ఉండదు, తొక్కితే దూకడమే. కింది నిమ్మకాయ తుపాకి గుండులా ఎగిరి సత్తిబాబు గారి కొత్త స్కూటరు అద్దానికి తగిలింది. ఆయన మంచి మనిషి. ప్రసాదమనుకుని కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నారు.

కొండ దిగుతుంటే ఛార్జింగ్ తగ్గడం మానేసి పెరగడం మొదలెట్టింది. దిగేటప్పుడు చక్రాల ఊపే కరెంటుగా మారుతుందని కిశోర్ ముక్కు తుడుచుకుంటూ చెప్పాడు.

"దిగితే సార్జింగ్ ఎక్కుతాదా?" మా బావ నోరు తెరిచాడు. "అయితే ఇంకేటి బావ, ఎక్కడం మానేసి ఎప్పుడూ దిగుతూనే ఉందాం!"

కనకం మాత్రం నవ్వలేదు. షోరూము ముందు దిగి మేనేజరుతో ఒకే మాట అంది. "ఈ బండి ఇచ్చీండి."

పసుపూ కుంకాలతో పెళ్లికూతురిలా నిలబడ్డ తన డెమో కారుని చూసి మేనేజరు ఒక గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగేశాడు. "ఇది అమ్మకానికి లేదమ్మా. మూడు నెలలదాకా టెస్ట్ డ్రైవులకే. మీకు ఇదే రంగులో కొత్తది ఇస్తాను."

"కొత్తది మాకెందుకు? మా గోత్రం సెప్పించింది దీనికి. దేవుడి ముందు మాదన్న బండిని ఊళ్లోవోళ్లకి వొదిలీమంటారేటి? అపచారం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చేశాడు, అడ్డుపడ్డది మేనేజరు.

మర్నాటి నుంచి కనకం టిఫిను డబ్బా పట్టుకుని షోరూముకి డ్యూటీకి వెళ్లడం మొదలెట్టింది. టెస్ట్ డ్రైవుకి ఎవరొచ్చినా ఎదురెళ్లేది. "సెప్పులిప్పి ఎక్కండి బాబూ, పూజ సేసిన బండి." చెప్పులిప్పినవాళ్లని ఊరికే వదిలేదా? "బ్రేకు మెల్లగా తొక్కండి. మీ ఇంట్లో బండి ఇలగే తొక్కుతారేటి?" అని వెనక సీట్లో కూర్చుని మరీ అడిగేది. ఒక పెద్దాయన సగం దారిలో దిగి ఆటో ఎక్కి వెళ్లిపోయాడట. ఇంకొకాయన డ్రైవు అయ్యాక కారు గురించి అడగలేదు, "ఆవిడ కూడా కారుతో వస్తారా?" అని మాత్రం అడిగాడట.

పదకొండో రోజు పొద్దున్నే మేనేజరు మా క్వార్టరుకి వచ్చాడు. పైవాళ్ల దగ్గర అనుమతి తెచ్చుకున్నాడట. తాళం కనకం చేతిలో పెట్టి దండం పెట్టాడు. కిశోర్ ఉద్యోగం కూడా నిలబడింది, డెమో కారుని మొదటిసారి అమ్మినవాడిగా పేరొచ్చింది. అలా ఎనిమిది నెలలు తూకం వేసి, ఊళ్లో సగంమంది తొక్కి వదిలేసిన కారుని ఎంచి ఎంచి కొన్న మహామేధావిని నేను.

కాబట్టి క్రేన్ల సాక్షిగా, ఓడల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆర్సీ మీద నా పేరు కళ్లారా చూసుకోకుండా ఇకమీదట ఏ వాహనానికీ, చివరికి మనవడి మూడు చక్రాల సైకిలుకి కూడా, నా గోత్రం చెప్పను.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. అప్పన్నతో పెట్టుకోవడం మంచిది కాదు గనక ఒప్పేసుకుంటాను. ఇందులో ఒక్క మనిషిని కల్పించాను. కర్ర ఊపి మమ్మల్ని పూజల వరసలోకి తోసిన సెక్యూరిటీ మనిషి. అక్కడ ఎవరూ లేరు. స్టీరింగు తిప్పింది నేనే. ఒక్కసారి గోత్రం చెప్పేస్తే కనకం ఇక కాదనదని నాకు కొండెక్కక ముందే తెలుసు.