భావనారాయణ సొంత అభిప్రాయం

పామర్రులో చేనేత చీరల కొట్టు నడిపే భావనారాయణకు ఆదివారం వస్తే విజయవాడలో మ్యాట్నీ చూడాల్సిందే. సినిమా వదిలాక బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో ముగ్గురు కలుస్తారు: ఆయన, చేపల వ్యాపారి రాంబాబు, కాలేజీలో లెక్కలు చెప్పే జ్యోతిర్మయి. నాలుగేళ్ల కిందట ఒక టికెట్ల క్యూలో మొదలైన స్నేహం. చూసిన సినిమా గురించి గంటసేపు వాదించుకుంటే గానీ ఎవరూ ఇంటిదారి పట్టరు.

ఎనిమిది నెలలుగా ఆ వాదనలో భావనారాయణ చెబుతున్నవి ఆయన మాటలు కావు. చెవులు మందగించాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే తెలిసేది. హాల్లో పాటలు, ఫైట్లు దద్దరిల్లేవి, మాటలు మాత్రం మూట కట్టినట్టు ముద్దగా వినపడేవి. ఆ సంగతి చెబితే, ఇక ఈయనతో సినిమా మాటలేం మాట్లాడతామని వాళ్లు తప్పుకుంటారేమోనని భయం. అందుకని వచ్చేటప్పుడు బస్సులోనే ఫోన్లో రివ్యూలన్నీ చదివి, వాటినే తనవిగా చెప్పేవాడు.

ఆ ఆదివారం ఉయ్యూరు దాటకముందే ఫోను ఆగిపోయింది. ఏమీ చదవకుండానే సినిమాకి వెళ్లాల్సి వచ్చింది.

టీ తాగుతూ రాంబాబు అడిగాడు. "ఏంటండీ, ఇవాళ మాట్లాడట్లేదు? ఎలా ఉంది?"

తెర మీద చూసింది గుర్తుచేసుకుని భావనారాయణ తెగించాడు. "చివర్లో తండ్రి నవ్వుతూ కొడుకుని క్షమించేశాడు చూడండి, అది అదిరిందండీ."

జ్యోతిర్మయి గ్లాసు దించింది. "క్షమించడమేంటండీ? 'నా గడప తొక్కొద్దు' అన్నాడు కదా! నవ్వుతూ అన్నాడనేగా హాలంతా ఏడ్చింది."

రాంబాబు జోకనుకుని పెద్దగా నవ్వాడు. భావనారాయణ నవ్వలేదు. నవ్వేసి ఉంటే ఆ పూటకి గడిచిపోయేదే. కానీ ఇంకో ఆదివారం ఇలా నెట్టుకురావడం తన వల్ల కాదనిపించింది.

"నాకు హాల్లో మాటలు వినపడటం లేదండీ," అన్నాడు తల వంచుకుని. "ఎనిమిది నెలలైంది. మీకు చెప్పినవన్నీ ఫోన్లో చదివినవే."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అంటే, ఎనిమిది నెలల నించి నేను కొట్లాడుతోంది ఎవడో రివ్యూ రాసేవాడితోనా!" అంది జ్యోతిర్మయి. ముందు కోపంగానే అంది, అంతలోనే నవ్వు ఆపుకోలేకపోయింది.

రాంబాబు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మా నాన్నకీ ఇంతేనండీ. చెవికి మిషను పెట్టించాం, ఇప్పుడు మేం గుసగుసలాడినా పట్టేస్తాడు. రేపే వెళ్దాం, నేనొస్తా."

మర్నాడు డాక్టరు పరీక్ష చేసి, వయసుతో వచ్చిందే, మిషను పెడితే సరిపోతుందన్నాడు. భావనారాయణకు గుండెల మీంచి బండ దించినట్టయింది. మిషను పెట్టిన రోజు డాక్టరు గదిలో ఫ్యాను కిర్రుమనడం విని, అది ఎప్పుడు పాడైందని రాంబాబుని అడిగాడు.

తర్వాతి ఆదివారం హాల్లో కొన్ని మాటలు జారిపోయాయి. పక్కనున్న జ్యోతిర్మయిని మోచేత్తో తట్టి, "ఏమన్నాడూ?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అడగడం ఇంత తేలికా అనుకున్నాడు.

టీ దగ్గర మిగతా ఇద్దరూ సినిమాని తెగ మెచ్చుకున్నారు.

"సెకండాఫ్ దండగండీ," అన్నాడు భావనారాయణ. "ఆ హీరో మాట్లాడినంత సేపు నాకు నిద్రొచ్చింది."

ఇద్దరూ ఒక్కసారే ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన ఇంకో టీ చెప్పి, వెనక్కి తగ్గకుండా వాదనకి దిగాడు.