కుదురు మీది చైనా జాడీ

ఎదురింటికి వెల్ల వేస్తున్నారు. తొట్టిలో సున్నం కుతకుతమంటోంది. ఆ వేడి వాసన తగిలితే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. మునెప్ప సారు గుర్తొస్తారు.

మదనపల్లెలో పాత సామాన్ల అంగడి ఆయనది. తొంభైల చివర్లో, డిగ్రీ పూర్తయి ఊరికే ఉన్న నన్ను పనిలో పెట్టుకుని, పాత చైనా పింగాణీని పరీక్షించడం నేర్పారు. పాత్రను తిరగేసి, అడుగున పూత లేని అంచు మీద గీతలు వెతకమనేవారు. ఏళ్ల తరబడి వాడినదైతే అక్కడ అరుగుదల ఉంటుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను పండితురాలినైపోయాననుకున్నాను.

కుప్పం నుంచి గంగమ్మవ్వ అనే పెద్దావిడ కబురు పంపినప్పుడు సారుకు జ్వరం. నన్నొక్కదాన్నే పంపారు. ఆమె దగ్గర నీలిపూల జాడీ ఒకటి ఉంది. అది రంగూన్ నుంచి తెచ్చిన చైనా జాడీ అని ఆమె మామ చెప్పేవాడట. సంతలో కొని గొప్పలు పోతున్నాడని ఇంటిల్లిపాదీ ఆయన పోయేదాకా ఎగతాళి చేశారట.

"అమ్మేదానికి కాదమ్మా. మా మామ అబద్ధమాడినాడా లేదా, అది సెప్పు సాలు" అంది.

తిరగేశాను. అంచు మీద ఒక్క గీత లేదు. "కొత్తదే అవ్వా" అన్నాను. ఆమె కొడుకులు పకపకా నవ్వారు. అవ్వ తల వంచుకుంది.

మర్నాడు పొద్దున్నే సారుకు గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని, "ఆ జాడీ యాడ పెట్టింటారు?" అన్నారు.

"మూలలో, గడ్డి కుదురు మీద."

సారు ముఖం పాలిపోయింది. "మెత్తటి కుదురు మీద కూర్సునే దానికి గీతలు యాడనుంచి వస్తాయమ్మా?"

జ్వరంతోనే ఆయన నన్ను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కారు. పుంగనూరు దాటింది. విలువలేనిదన్న జాడీని ఆ ఇంట్లో ఏం చేసి ఉంటారోనని ఒకటే ఆలోచన. "తిట్టండి సారూ" అన్నాను చివరికి.

"నాకూ బయంగానే ఉండాదమ్మా" అన్నారు.

భయపడినంతా అయింది. వెల్ల వేయడానికని కొడుకులు జాడీలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోశారు. ఆ వేడికి అది నిలువునా పగిలింది. సారు పెంకులు ఏరి, కడిగి, పూతనూ కుంచె గీతలనూ భూతద్దంతో చాలాసేపు చూశారు. "పాతదే. చైనాదే" అన్నారు. కొడుకులను పిలిపించి, నావైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వే సెప్పమ్మా."

"తప్పు నాదే అవ్వా. మీ మామ నిజమే చెప్పాడు" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అవ్వ ఒక పెంకును చెంగున కట్టుకుంటూ, "ఆ మాట నిన్న సెప్పింటే బాగుండు గదమ్మా" అంది.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా మాట కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 'నకిలీ' అనాల్సి వచ్చిన ప్రతిసారీ వెనకాడతాను. ముందు వాళ్లింటికి వెళ్లి, ఆ వస్తువు ఉండే చోటు చూసి వస్తాను. ఇంత అనుభవం ఉండీ ఇంకా భయమేమిటని నవ్వుతారు. నవ్వనీ.