మూత్రపిండాల మీది టోపీ కూర

ఆ కాలంలో మా ఇంట్లో మేకను మించిన డాక్టరు లేడు. కాలు విరిగితే పాయ, రక్తం తక్కువైతే కార్జం, తెలివి చాలకపోతే భేజా. ఒంట్లో ఏది చెడితే మేకలో అదే తినాలి. (నాకు భేజా చాలాసార్లే పెట్టారు. ఐదో తరగతి మాత్రం దాటలేదు. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి.)

మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే పనికి నేను కొత్తగా చేరిన రోజులవి. మరిపెడ నుంచి అక్క ఒంట్లో బాగాలేక మా ఇంటికొచ్చింది. ఎండకు పోకుండానే నల్లబడింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. అన్నం వద్దనేది గానీ ఉప్పు మాత్రం చిటికెడు చిటికెడు నోట్లో వేసుకునేది. అమ్మ దిష్టి తీసింది, తగ్గలేదు. చివరికి దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, మూత్రపిండాల మీద టోపీల్లాంటి చిన్న గ్రంథులు రెండుంటాయని, అక్కవి పనిచేయడం లేదని, బతికినన్నాళ్లూ గోళీలు వేసుకోవాలని చెప్పింది. అక్క ఏడ్చింది. ఎలాగైనా ఆ గోళీలు తప్పించాలని నేను గట్టిగా అనుకున్నాను.

ఆదివారం మటన్ కొట్టు చాచా దగ్గరికి డబ్బా పట్టుకుని పోయి, మూత్రపిండాల మీది టోపీలు కావాలన్నాను. చాచా కత్తి ఆపాడు.

"టోపీ నా నెత్తి మీదున్నది బిడ్డా. మేకకేడిది?"

అక్క సంగతి చెప్పాక నవ్వలేదు. గుర్దాల, అంటే మూత్రపిండాల పక్కన కొవ్వు చీల్చి, చిక్కుడు గింజంత ముక్క బయటికి తీశాడు. ఇన్నేళ్లూ దీన్ని కొవ్వుతోపాటే పారేశానని ఆశ్చర్యపోతూ, ఆ రోజు కోసిన మేకలన్నిటివీ వెతికి ఇచ్చాడు.

గసగసాలు వేసి వండాను. అక్క గిన్నె ఖాళీ చేసింది. (ఉప్పు ఎక్కువైంది లెండి, అందుకే నచ్చి ఉంటుంది.) ఒంట్లోకి సత్తువ వచ్చిందని, ఇక గోళీలు బంద్ అని అక్క అంటే అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎక్కువసేపు నిలవలేదు. మర్నాటికే వాంతులు మొదలై, పిలిస్తే పలకడం మానేసింది. ఆటోలో నా ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. సెలైన్, ఇంజక్షన్ ఎక్కిన కొంతసేపటికి అక్క కళ్లు తెరిచి చాయ్ అడిగింది. కూర సంగతి విన్న డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ గ్రంథి గోదాం కాదమ్మా, పొయ్యి. ఒంటికి కావాల్సిన రసాలు ఎప్పటియప్పుడు వండి రక్తంలకు పంపుతది, దాసుకోదు. పొయ్యిని నమిలితే కడుపు నిండుతదా?"

తర్వాత ఆమె చెప్పింది నోరు తెరుచుకుని విన్నాను. పైపొరలో మూడు వరసలట. ఒకటి ఒంట్లో ఉప్పు నిలుపుతుంది, ఒకటి జబ్బునూ ఆకలినీ తట్టుకునే బలమిస్తుంది, ఇంకొకటి ఆడా మగా పోలికలకు సాయపడుతుంది. లోపలి గుజ్జేమో, కుక్క వెంటపడితే గుండెను ఉరికిస్తుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ గుజ్జు నరాలు పుట్టేచోటి నుంచి నడిచొచ్చి, ఇల్లరికం అల్లుడిలా పైపొర లోపల కాపురం పెడుతుందట. ఇంత చిన్న ముక్క ఇంత సంసారం ఈదుతోందా అని దండం పెట్టాను. డాక్టరమ్మకు పెట్టానో గ్రంథికి పెట్టానో ఇప్పటికీ తెలియదు.

"గోళీలు ఇగ మాననే," అంది అక్క, మంచం మీద నుంచే. "గని ఆ కూర మంచిగున్నది. మళ్ల ఎప్పుడన్న వండు."

ఇప్పుడు అక్క పొద్దున్నే గోళీ వేసుకుని చేనుకు పోతుంది. నేనే, ఆ డబ్బాలో అక్క ప్రాణం పట్టుకుని తెస్తున్నానని బజారంతా తలెత్తుకుని నడిచిన ఆ పిల్లను, అప్పటి నన్ను, అప్పుడప్పుడు తలుచుకుంటాను. దానికేమీ తెలియదు. నాకిప్పుడు కొంచెం తెలుసు. కానీ అంత ధీమాగా నడవడం మళ్లీ చేతకాలేదు.