విదిలించిన జ్వరం

మొన్న మా అమ్మాయికి జలుబు చేస్తే మా ఆవిడ కొత్తరకం థర్మామీటరు కొనుక్కొచ్చింది. కీచుమని అరిచి అంకె చూపిస్తుంది. విదిలించి చూశాను, అంకె దిగలేదు. ఇలాంటిది ఆ రోజుల్లో ఒక్కటుంటే మా పెద్దమ్మతో నాకంత తలనొప్పి ఉండేది కాదు.

అరవైల చివర్లో, ఎక్కడో తూర్పుదేశాల్లో పుట్టిందన్న ఫ్లూ జ్వరం పాతపట్నం వైపుకీ వచ్చింది. అక్కడొక చిన్న ఆసుపత్రిలో పెద్దమ్మ నర్సు, నేను కొత్తగా చేరిన కంపౌండర్ని. ఊళ్ళో దగ్గనివాడు లేడు. మందులగదిలో బల్లులు దగ్గడం చెవులారా విన్నాను. నమ్మకపోతే మీ ఇష్టం. జనానికొచ్చిన జబ్బు వైద్యం చేసేవాళ్ళని వదులుతుందా? ముందు ఆయాలిద్దరూ, తర్వాత డాక్టరుగారూ పడ్డారు. పడేముందు ఆయనొక ఉత్తర్వు గోడకి అంటించారు: జ్వరం నూరు దాటిన సిబ్బంది పని మాని మంచమెక్కాలి. దాన్ని అమలుచేసిన రాక్షసి మా పెద్దమ్మే. "తమరే రాసినారు కదండీ, తొంగోండి" అని డాక్టరుగారి చెప్పులు దాచేసింది.

నాలుగోరోజుకి ఆవిడ మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మొదలైంది. సీసా అందిస్తుంటే వేళ్ళు తగిలి నా చెయ్యి చురుక్కుమంది. జ్వరం చూసుకోమంటే తెర వెనక్కి వెళ్ళి, థర్మామీటరు నోట్లో పెట్టుకుని, చదివి, టపటపా విదిలించి తెచ్చి నా చేతిలో పెట్టేది.

"సూడు. నార్మలు."

పాదరసం అట్టడుగున తొంభై అయిదు దగ్గర ఉండేది. "ఇంత తక్కువైతే నువ్వు సచ్చి మూడ్రోజులై ఉండాల" అన్నాను.

"అయితే సచ్చినదాన్ని ఇసిగించకు. మందు కలుపు."

రెండు రోజులు ఇదే నాటకం. ఆవిడ పడుకుంటే వార్డు మొత్తానికి నేనొక్కణ్ని. పడుకోకపోతే ఆవిడ ఊపిరే దక్కదు. మొదటిది మాత్రమే ఆవిడకి పట్టేది.

చివరికి దొంగని పట్టుకున్నది మూల మంచం మీది ముసలమ్మ, న్యుమోనియా నుంచి తేరుకుంటున్న రైతు మనిషి. తెర సరిగ్గా ఆమె తలగడ పక్కనే. పెద్దమ్మ విదిలించబోతుండగా తెర పక్కనుంచి చెయ్యి చాపి మణికట్టు పట్టేసుకుంది.

"నాకు సదువు రాదు నర్సమ్మా. గానీ ఎండిగీత ఎందాకా ఎక్కినాదో తెలస్తాది. ఒరే కంపౌండరూ, బేగొచ్చి సూడు."

నూట నాలుగు.

"ఇది పాడైపోనాది" అంది పెద్దమ్మ. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, విదిలించి, నా నోట్లో పెట్టుకున్నాను. తొంభై ఎనిమిదిన్నర. ముసలమ్మ మంచం దిగి దుప్పటి దులిపింది. "ఎక్కు తల్లీ. నీకేటైనా అయితే మాకు సూదెవులు పొడుస్తారు, ఈ గుంటడా?"

వారం రోజులు పెద్దమ్మ ఛాతీ కొలిమితిత్తిలా ఆడింది. పెన్సిలిన్ ఈ గుంటడే పొడిచాడు. "సూది... ఒంకర..." అని మాటమాటకీ ఊపిరి కూడదీసుకుని మరీ తప్పులు పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు నిజంగానే వంకరగా పొడిచాను. ఏమీ అనలేదు, కళ్ళు కూడా తెరవలేదు. ఆ పూట తెర వెనక్కి వెళ్ళి ఏడ్చాను. మర్నాడు మళ్ళీ తిట్టింది. అంత తియ్యటి తిట్టు నేను మళ్ళీ తినలేదు.

ఆవిడ లేచింది గానీ పాత ఊపిరి తిరిగి రాలేదు. ఆ తర్వాత నాతో బస్సు కోసం నడుస్తూ ఊరికే ఆగిపోయి, ఎవరి పెరట్లోనో మునగచెట్టు కాసిందా లేదా అని పరిశీలిస్తున్నట్టు నటించేది. "బస్సెల్లిపోతాది పెద్దమ్మా" అని నేను విసుక్కునేవాణ్ని. వెళ్ళిపోయేది కూడా. అందుకున్న బస్సులు నన్ను ఎక్కడికి తీసుకెళ్ళాయో ఒక్కటీ గుర్తులేదు. ఇన్నేళ్ళకి నా దగ్గర మిగిలిన కాలమల్లా, ఆవిడ పక్కన నిలబడి బస్సులు పోగొట్టుకున్న కాలమే.