చెప్పకుండా ఇచ్చిన ఇంజెక్షన్

"చెప్పొద్దని కాళ్లావేళ్లా పడ్డాను కదా సిస్టర్! ఇప్పుడు మా నాన్న 'నాకింకెన్నాళ్లురా' అంటున్నాడు. క్యాన్సరని ఎందుకు చెప్పారు?" వార్డు బయట కొడుకు గొంతు చించుకుంటున్నాడు.

"నేను నోరెత్తలేదు బాబూ," అంది పెద్ద సిస్టరు.

నిజంగానే ఎత్తలేదు, అదే తప్పయింది. ఇరవై ఏళ్లుగా ఆమె "ఇది జ్వరానికి, ఇది నొప్పికి" అని చెప్పి, మోచేతి మీద రెండుసార్లు తట్టి మరీ సూది గుచ్చుతుంది. రోజు మొత్తం మీద ఆమె ఆడే మాటలు దాదాపు అవే. మధ్యాహ్నం మందుల గదిలో గోడకేసి తిరిగి ఒంటరిగా తింటుంది. ఇంటికెళ్లి తాళం తీస్తే పలకరించే దిక్కు లేదు. ఈ ఉదయం పెద్దాయనకు ఇవ్వాల్సింది క్యాన్సరు మందు. అబద్ధమాడటానికి నోరు రాలేదు, నిజం చెప్పనని ఆయన కొడుక్కి అప్పటికే మాటిచ్చింది. అందుకని కిక్కురుమనకుండా గుచ్చేసింది. "ఇవాళ దేనికో చెప్పలేదేంటమ్మా?" అన్నాడు పెద్దాయన. ఆమె చూపు తిప్పుకుంది. ఆయనకు అర్థమైపోయింది.

"మీ మీద కంప్లైంటు ఇస్తాను!"

"ఇవ్వండి బాబూ, కాదనను. కానీ ఆయన అడిగింది మిమ్మల్ని. నాతో తర్వాత పోట్లాడుదురుగాని, ముందు లోపలికెళ్లి ఆయన పక్కన కూర్చుని జవాబు చెప్పండి."