పళ్ళ తాత పళ్ళు

మా తాత యాపిల్ పళ్ళు అమ్మేవాడు. నలభై ఏళ్ళు ఒకే మేడమెట్ల కింద, ఒకే ముక్కాలి పీట మీద కూర్చుని అమ్మాడు. మెట్లెక్కితే పైన పళ్ళ డాక్టరు, దిగితే కింద పళ్ళ తాత. చెంప వాచినవాళ్ళు కొందరు దారి తప్పి తాత ముందు నోరు తెరిచి నిలబడేవాళ్ళట. తాత ముఖం గంభీరంగా పెట్టి, "నొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగి, చెప్పిందంతా విని, "ఇవతలి పక్క నమలండి" అని ఓ అరకిలో తూచి మేడ మీదకి పంపేవాడట. ఇది ఆయన చెప్పిన కథ కాబట్టి సగం తీసేసి నమ్మాలి.

తెలుగులో పళ్ళు అనే మాట పుట్టించినవాడెవడో మా తాత కోసమే పుట్టించాడు. బుట్టలో ఉన్నవీ పళ్ళే, నోట్లో ఉన్నవీ పళ్ళే. రెంటినీ ముడేసి ఆయన ఒక కేక కట్టుకున్నాడు: "నా పళ్ళు తిన్నవాడి పళ్ళు ఊడవు!" అలా అరిచి, రుజువు కోసం తన నోరు తెరిచి చూపించేవాడు. కొత్త పింగాణీ కప్పులు వరసగా బోర్లించినట్టు తెల్లగా మెరిసేవి. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆ పళ్ళేమిటని జనం ముక్కున వేలేసుకుని ఇంకో అరకిలో కొనేవాళ్ళు.

ఆ పళ్ళు మేడ మీద తయారైనవి. తాతకు యాభై ఎనిమిదో ఏటికల్లా సొంతది ఒక్కటీ మిగల్లేదు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికే: డాక్టరుకు, నాయనమ్మకు, నాకు. డాక్టరు చెప్పడు, అది ఆయన వృత్తి ధర్మం. నాయనమ్మ చెప్పదు, మొగుడి పరువు. నేను చెప్పకుండా ఉన్నానంటే నాకు రోజుకో మంచి కాయ ముడుతుండేది కనక.

నోట్లో పళ్ళ విషయంలో ఎంత బొంకినా, బుట్టలో పళ్ళ విషయంలో మాత్రం తాత ఒక్కసారి కూడా అబద్ధమాడగా నేను చూడలేదు. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే మాట. "చూపుకా, నోటికా?"

చూపుకాయంటే పెద్దది, ఎర్రది, నున్నగా తుడిచి చీటీ అంటించింది. లోపల తడిసిన అట్టముక్కలా ఉంటుంది. నోటికాయంటే చిన్నది, ఓ పక్క పచ్చగా, మచ్చలతో ఉంటుంది. కొరికితే పక్కింటివాళ్ళకు వినబడుతుంది. ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు, ఆఫీసరు ఇంటికి పనిమీద వెళ్ళేవాళ్ళు, చూపుకాయలు కొనేవాళ్ళు. తాత మొహమాటం లేకుండా చెప్పేవాడు. "ఇది తినడానికి పనికిరాదు. మంచం పక్కన పెట్టడానికి బాగుంటుంది." ఏ కాయ ఏదో చెప్పడానికి ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూపుడువేలి గోటితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. టక్కుమంటే నోటికాయ. దబ్బుమంటే చూపుకాయ.

నిజానికి ఈ యాపిల్‌కు ఉన్నంత పొగరు ఇంకే పండుకూ ఉండదు. అరటిపండును ఎవరైనా నిలబడి తినేస్తారు. యాపిల్‌కు పళ్ళెం కావాలి, చాకు కావాలి, తొక్క తీసి ముక్కలు కోయడానికి ఓ మేనత్త కావాలి. జబ్బు చేస్తే తప్ప ఇంట్లోకి రాదు. బుగ్గలు బాగున్నాయంటే యాపిల్ బుగ్గలంటారు గానీ జామకాయ బుగ్గలనరు. బళ్ళో మొదటి రోజే ఏ అంటే యాపిల్ అని నేర్పుతారు. అందరి చదువూ అక్కడ మొదలవుతుంది, నా చదువు అక్కడి నుంచి ఎక్కువ దూరం పోలేదు.

ఇంత గొప్ప పండును తాత తినలేడు. తినకుండానూ ఉండలేడు. ఆ బాధంతా నాయనమ్మది. తొక్క తీసి, ముక్కలు కోసి, దాల్చినచెక్క వేసి మెత్తగా ఉడికించేది. ఓ రోజు తురిమి పాలల్లో కలిపేది. ఓ రోజు గుజ్జు చేసి రొట్టె మీద పూసేది. గింజలున్న నడిమి భాగాన్ని కూడా పారేయకుండా నీళ్ళలో మరిగించి, వడకట్టి, చల్లార్చి ఇచ్చేది. ఆయన గిన్నె నాకుతుంటే, "అమ్మేది ఆయన, నమిలేది నా పొయ్యి" అనేది. తాత తలెత్తకుండా, "నీ పొయ్యికి పళ్ళు గట్టివే" అనేవాడు.

ఇలా హాయిగా సాగిపోతుంటే పళ్ళ వర్తకుల సంఘం అధ్యక్షుడికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన పెద్ద టోకు వర్తకుడు. కోల్డ్ స్టోరేజీలో పోయినేటి కాయలు గుట్టలుగా ఉండిపోయాయి. వాటిని కదిలించడానికి మార్కెట్ ఆవరణలో 'యాపిల్ సంబరం' పెడదామనుకున్నాడు. బ్యానర్లు కట్టించాడు. ఓ రోజు మెట్ల కిందకి వచ్చి తాత చేతులు పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఆదివారం మీరు రావాలి. మొదటి కాయ మీరే కొరకాలి. మైకు ముందు. ఆ కరకర స్పీకర్లలో అందరికీ వినబడాలి."

"ముక్క కోసి ఇస్తారు కదూ?" అన్నాడు తాత.

"ఛ, ముక్కేంటండీ! ఈ ఊళ్ళో ఇలాంటి పళ్ళు ఇంకెవరికున్నాయి? నిండు కాయే."

తాత నవ్వాడు. నవ్వక చస్తాడా, చుట్టూ జనం ఉన్నారు.

ఇంటికొచ్చాక నాయనమ్మ వంటింట్లో రిహార్సల్ పెట్టించింది. తాత మంచి నోటికాయ ఒకటి తీసుకుని కళ్ళు మూసుకుని గట్టిగా కొరికాడు. కొరికి నోరు వెనక్కి లాక్కున్నాడు. నోరు ఒక్కటే వెనక్కి వచ్చింది. పై వరసా కింది వరసా కాయలోనే దిగబడి ఉండిపోయాయి.

"చూడవయ్యా, కాయ నిన్ను చూసి నవ్వుతోంది" అంది నాయనమ్మ.

నాకు నవ్వాగక నీళ్ళ బిందె పట్టుకుని కింద కూర్చున్నాను. తాత ఏదో తిట్టాడు గానీ పళ్ళు లేక తిట్టు సరిగా తగల్లేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. డాక్టరు కాయనూ పళ్ళనూ మార్చి మార్చి చూసి నిట్టూర్చాడు.

"తాతగారూ, ఇవి నవ్వడానికి, మాట్లాడడానికి. మెత్తటివి నమలడానికి. గట్టికాయ కొరకడానికి కాదండీ."

"అంటే చూపుపళ్ళన్నమాట" అన్నాను నేను.

తాత చూసిన చూపుకు నేను భస్మం కావాల్సింది. డాక్టరు ఒక గొట్టంలో జిగురు ఇచ్చాడు. "ఇది రాసుకుంటే కాస్త పట్టు ఉంటుంది. పూచీ మాత్రం నాది కాదు."

"మానేయవయ్యా. జ్వరమని చెప్పి పడుకో" అంది నాయనమ్మ ఆ సాయంత్రం.

"పడుకుంటే ఎందుకు పడుకున్నాడని అడగరూ? నలభై ఏళ్ళు నోరు తెరిచి చూపించానే! అవి ఊడి పడితే రేపట్నుంచి నా మాట ఎవడు వింటాడు? కాయ బాగుందంటే ఎవడు నమ్ముతాడు?"

తాత భయం అదీ. పళ్ళు పోతే నవ్వుతారు, నవ్వితే నవ్వనీ. కానీ ఆ పళ్ళతో పాటు మాట కూడా పోతుందని ఆయన బెంగ. శనివారం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆదివారం పది గంటలకు మార్కెట్ ఆవరణ కిటకిటలాడింది. టెంటు వేశారు. ఒక బల్ల మీద యాపిల్ కాయలు గోపురంలా పేర్చారు. కింద అమ్మకానికి సంచులు కట్టి సిద్ధంగా పెట్టారు. అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. యాపిల్ చరిత్ర, యాపిల్ మహిమ, యాపిల్ వల్ల మెరుగుపడే అవయవాలు, అన్నీ తల నుంచి కాలిగోటి దాకా వరసపెట్టి చెప్పాడు. రోజుకొకటి తింటే డాక్టరుతో పనే ఉండదన్నాడు. ముందు వరసలో ఉన్న పళ్ళ డాక్టరు కాలు మీద కాలు మార్చుకున్నాడు. ఇంత చెప్పినవాడు ఒక్క కాయ కూడా నోట పెట్టలేదు. అది నేను అప్పుడే గమనించాను.

"ఇప్పుడు మన పళ్ళ తాత మొదటి కాయ కొరుకుతారు!"

చప్పట్లు. తాత లేచాడు. ఆయన చేతిలో పెట్టిన కాయ పసిపాప తలంత ఉంది. ఎర్రగా నిగనిగలాడుతోంది. తాత అలవాటు కొద్దీ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ చప్పుడు స్పీకర్లలో మోగింది.

దబ్బు.

జనానికి ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది, నాయనమ్మకు తెలిసింది. తాత ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. మెత్తటి కాయ! ఊడే భయం లేదు! ధైర్యంగా నోరు తెరిచి కొరికాడు. పళ్ళు వెన్నలో దిగినట్టు దిగి, క్షేమంగా తిరిగొచ్చాయి. కరకర మాత్రం వినబడలేదు. స్పీకర్లలో బురదలో చెప్పు ఇరుక్కున్న చప్పుడు వచ్చింది. అయినా జనం చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఒక నవ్వు నవ్వి దిగిపోయి ఉంటే అయిపోయేది. అధ్యక్షుడు మైకు తాత నోటి దగ్గర పెట్టాడు. "చెప్పండి పెద్దాయనా, ఎలా ఉంది?"

తాత నములుతున్నాడు. జనం ఆయన నోటివైపే చూస్తున్నారు. ఒకావిడ అప్పుడే ఒక సంచి చంకనెత్తుకుని, తాత ఊఁ అంటే కొందామని నిలబడింది. నాయనమ్మ నా మోచెయ్యి గిల్లి, "బాగుందను, బాగుందనవయ్యా" అని గొణిగింది.

తాత మింగాడు. "పిండి" అన్నాడు.

అధ్యక్షుడు తడుముకుని, "పిండిలా మెత్తగా కమ్మగా ఉందంటున్నారు!" అన్నాడు.

"కమ్మగా కాదయ్యా. వట్టి పిండి. ఇది పోయినేటి కాయ. చూపుకాయ."

సంచి ఎత్తుకున్నావిడ సంచి కింద పెట్టింది. అధ్యక్షుడి నవ్వు గడ్డకట్టింది. మైకులోనే, "పెద్దాయనకు వయసు మీద పడింది. లోపం పళ్ళలో ఉందేమో!" అన్నాడు.

వెనక నుంచి ఎవడో, "ఏ పళ్ళలో?" అని అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

తాత నవ్వలేదు. కాయను బల్ల మీద పెట్టాడు. బొటనవేలు నోట్లో పెట్టి పైది తీశాడు, కిందది తీశాడు. రెండూ ఆ కాయ పక్కన పెట్టాడు. తాత మైకులో ఏదో చెప్పాడు. "ఇవి కత్తుదు పల్లు" అన్నట్టు వినిపించింది. తర్వాతదంతా గాలి.

ఎవరికీ అర్థం కాలేదు. ఆ భాష వచ్చినదాన్ని నేనే కాబట్టి వెళ్ళి మైకు అందుకున్నాను.

"ఇవి కట్టుడు పళ్ళంటున్నాడు. పన్నెండేళ్ళ నుంచి పెట్టుకుంటున్నాడంట. మంచి కాయను ఇవి ఈ జన్మలో కొరకలేవంట. మొన్న మా వంటింట్లో కొరికితే కాయలోనే ఉండిపోయాయి, అది నేను చూశాను. ఈ కాయను కొరికాయంటే, లోపం ఏ పళ్ళలో ఉందో మీరే చెప్పమంటున్నాడు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆవరణంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు ఎవరి మీదో తేల్చుకోలేక అధ్యక్షుడు కూడా కాసేపు నవ్వాడు. ఒక్కొక్కరే సంచులు కింద పెట్టి వెళ్ళిపోయారు. తాత చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా నడిచి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పళ్ళు బల్ల మీదే మర్చిపోయాడు.

మర్నాడు దుకాణానికి వెళ్ళనన్నాడు. నాయనమ్మ లాగి కూర్చోబెట్టింది. నేను బుట్ట సర్దాను. అరవాలని నోరు తెరిచి ఠక్కున మూసేశాడు. పాత కేక అరవడానికి వీల్లేదు. కాసేపటికి నిన్న సంచి కింద పెట్టిన ఆవిడే వచ్చింది. పిల్లాడి బాక్సులో పెట్టడానికి నోటికాయ కావాలంది. తాత కాయ చెవి దగ్గర పెట్టి కొట్టి ఇచ్చాడు. ఆవిడ కాయను తిప్పి కూడా చూడకుండా తీసుకుపోయింది. తాత ఆమె వెళ్ళినవైపు చాలాసేపు చూశాడు. మధ్యాహ్నానికల్లా బోసినోటితో మెట్ల కింద కొత్త కేక వినిపించింది.

"నేను కొలకలేని కాయ! లండి, నేను కొలకలేని కాయ!"

జనం ఆగి నవ్వారు. నవ్వి కొన్నారు.

రెండు రోజుల తర్వాత అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో రుమాలు మూట. గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా, మీ పళ్ళు" అన్నాడు. తాత మూట అందుకోలేదు. గోడ పక్కన సంబరానికి ముందు సంఘం వాళ్ళు పంపిన సన్మానం బుట్ట ఉంది, నిండా చూపుకాయలు. దానివైపు చెయ్యి చూపించి, "మీ పల్లు" అన్నాడు.

"మీ పళ్ళు మీరు పట్టుకెళ్ళమంటున్నాడు" అన్నాను నేను, అడక్కపోయినా.

అధ్యక్షుడు కోప్పడతాడనుకున్నాను. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. వంటింట్లోంచి దాల్చినచెక్క వాసన వస్తోంది. ఆయన ముక్కు అటు తిరిగింది. "అమ్మా, ఏం వండుతున్నారు?"

నాయనమ్మ ఒక గిన్నెలో వేసి ఇచ్చింది. ఆయన చెంచాతో నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"యాపిల్ రుచి చూసి ఎనిమిదేళ్ళయిందమ్మా."

"అదేంటి బాబూ, నీ చేతిలో లారీలకు లారీలు పోతాయి కదా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ మేడ మీద డాక్టరు దగ్గరే, నేనూ కట్టించుకున్నా. లేకపోతే మొదటి కాయ కొరికే మర్యాద మీకెందుకిస్తానండీ?"

తాత బోసినోటితో ఎంత నవ్వాడంటే పీట మీద నుంచి పడబోయాడు. నాయనమ్మ రెండో గిన్నె నింపింది.

"ఇది మాత్రం బయటికి పొక్కకూడదు" అన్నాడు అధ్యక్షుడు చెంచా పట్టుకుని.

"మా నోట రాదు బాబూ" అంది నాయనమ్మ. తాత తలూపాడు. ముగ్గురూ ఒకేసారి నావైపు తిరిగారు.

"నేనా? నేనెవరికి చెబుతాను!" అన్నాను.